పాత డీజిల్ బండి టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మరమ్మతులు: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

పది, పదిహేనేళ్లు దాటిన డీజిల్ కార్లూ జీపులూ నడుపుతున్నవారి కోసం ఈ పుట రాశాము. సంక్రాంతికి ఊరికి బయలుదేరే ముందో, ఊరి నుంచి తిరిగి వచ్చిన మర్నాడో ఇక్కడి మనవాళ్లు అడిగే ప్రశ్నలే ఇందులో ఎక్కువ. డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టే జల్లెడ) ఉన్న కొత్త బండ్ల సంగతి వేరు కనుక వాటి జోలికి పోలేదు.

బండి లాగడం లేదు. మెకానిక్ చూడగానే టర్బో పోయిందన్నాడు. మార్పించేయమంటారా?

అప్పుడే వద్దు. ఎయిర్ ఫిల్టర్ మట్టితో నిండిపోయినా, డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (నొక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్ వంటి భాగానికి) వెళ్లే రబ్బరు హోస్ చీలినా, వాక్యూమ్ పైపు ఎండి పగిలినా, ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే తలుపు) మసి పట్టి తెరుచుకునే ఉండిపోయినా, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ (గ్యాస్కెట్) ఊది గాలి తప్పించుకుంటున్నా, బండి అచ్చం టర్బో పోయినట్టే ప్రవర్తిస్తుంది. వీటిలో చాలావాటిని ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చిలైటు, ఓపికగా గడిపిన ఒక ఉదయం ఉంటే తేల్చుకోవచ్చు. టర్బో మార్చడమంటే మాత్రం ఆ బండి నేటి మార్కెట్ ధరలో చెప్పుకోదగిన భాగాన్ని ఖర్చుపెట్టడమే. అందుచేత తక్కువ ఖర్చు అనుమానాలన్నీ తీరిన తరువాతే టర్బో మీదికి వెళ్లాలి.

టర్బో తనంతట తాను చెడిపోవడం అరుదని కూడా గుర్తుంచుకోవాలి. నూనె అందకనో, మురికి నూనె వల్లనో, ఫిల్టర్ దాటి వచ్చిన ధూళి వల్లనో, ఎక్కడో గాలి కారుతుంటే ఆ లోటు పూడ్చడానికి మితిమీరి తిరిగినందువల్లనో అది దెబ్బతింటుంది. ఆ మూలకారణాన్ని వెతకకుండా కొత్తది బిగిస్తే దానికీ అదే గతి పడుతుంది.

టర్బోకూ మానిఫోల్డ్‌కూ సంబంధం ఏమిటి? రెంటినీ కలిపి ఎందుకు చూడాలి?

సిలిండర్ల నుంచి వెలువడే వేడి పొగను ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకచోటికి చేర్చి టర్బైన్ చక్రం మీదికి పంపుతుంది. ఆ చక్రం ఉన్న ఇరుసుకే రెండో కొసన కంప్రెసర్ చక్రం ఉండి, బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. చిన్న డీజిల్ ఇంజన్ల టర్బోలలో ఈ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. మానిఫోల్డ్‌లో పగులు ఉన్నా, ప్యాకింగ్ దగ్గర సందు ఉన్నా, టర్బైన్‌ను తిప్పవలసిన శక్తి దారిలోనే పోతుంది. పైగా కొన్ని ఇంజన్లలో మానిఫోల్డూ టర్బైన్ కవచమూ ఒకే పోతగా వస్తాయి కనుక, పగులు వచ్చిందంటే రెండూ మార్చవలసి రావచ్చు.

శబ్దాన్ని బట్టి లోపం చెప్పగలమా?

చాలావరకు చెప్పగలం. తెల్లవారుజామున చల్లని ఇంజన్ మొదలుపెట్టగానే చక్రాల వేగంతో కాక ఇంజన్ వేగంతో పాటు పెరిగే "టిక్ టిక్" మోత వినిపించి, పదిహేను నిమిషాల ప్రయాణం తరువాత తగ్గిపోతే, మానిఫోల్డ్‌ను అనుమానించాలి. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకోవడం వల్ల అలా తగ్గుతుంది. బండిని గ్యారేజీకి చేర్చేసరికి మోత మాయమై మనం అబద్ధమాడినట్టు అవుతుంది కనుక, ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలి, మర్నాడు ఉదయం మెకానిక్‌నే మొదటిసారి స్టార్ట్ చేయమనడం మేలు.

ఎక్కుడులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే "ఉస్స్" మని గాలి పోతున్న చప్పుడు వస్తే, అది కంప్రెసర్ తరువాతి హోస్‌లలో లీకు. సన్నని ఈల టర్బోకు సహజం. ఆ ఈల కొద్ది వారాల్లో అంబులెన్స్ సైరన్ లాగా ముదిరినా, లోహం రాచుకుంటున్న గరగర దానికి తోడైనా, ఇరుసు వదులై రెక్కలు కవచానికి తగులుతున్నాయని అర్థం. అప్పుడు బండి నడపకూడదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో (ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందేవి) ఇంజెక్టర్ కింది రాగి వాషర్ పాడైనా మానిఫోల్డ్ లీకును పోలిన "చఫ్ చఫ్" మోతే వస్తుంది. ఇంజెక్టర్ మొదలు చుట్టూ తారులాంటి నల్లని గట్టి పెచ్చు కనిపిస్తే లోపం అక్కడిదే. మానిఫోల్డ్ లీకు పొడి మసి చారలను వదులుతుంది, తారును వదలదు.

పొగ రంగు ఏమి చెబుతుంది?

లాగుడు తగ్గి నల్లపొగ వస్తే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. అది టర్బో నుంచే కావచ్చు, అరిగిన పిస్టన్ రింగుల నుంచీ కావచ్చు. చాలాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు నీలిమేఘం లేచి, తరువాత పలచబడితే టర్బో వైపు మొగ్గు చూపవచ్చు, కాని ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పవద్దు. తెల్లపొగ సాధారణంగా కాలని డీజిల్‌ది లేదా కూలెంట్‌ది.

చెన్నైలో, విజయవాడలో బాగానే నడిచిన బండి బెంగళూరు చేరేసరికి లింప్ మోడ్‌లోకి (లోపం కనిపెట్టి కంప్యూటర్ ఇంజన్ బలాన్ని తగ్గించే స్థితిలోకి) పోతోంది. ఊరి గాలి పడలేదా?

వేళాకోళానికి అడిగినా, జవాబు నిజంగా గాలిలోనే ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడి గాలి పీడనం దాదాపు 91 కిలోపాస్కల్స్, చెన్నైలో అది 101 చేరువలో ఉంటుంది. ఇంజన్ కంప్యూటర్ మాత్రం ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (గాలి సిలిండర్లలోకి వెళ్లే దారిలో) ఇంత మొత్తం పీడనం ఉండాలని కోరుతుంది. అది 220 కిలోపాస్కల్స్ కోరిందనుకుందాం. చెన్నైలో టర్బో గాలిని 2.2 రెట్లు నొక్కితే సరిపోతుంది, ఇక్కడ 2.4 రెట్లు నొక్కాలి. అంటే అదే పనికి ఇరుసు ఇంకా వేగంగా తిరగాలి. కింద మైదానంలో ఉన్నప్పుడు బయటపడని చిన్న హోస్ చీలిక, కాస్త బిగుసుకున్న రెక్క, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో వెంట్రుకవాసి పగులు పైకి వచ్చాక బయటపడతాయి. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కుతున్నప్పుడే ఇంజన్ లైటు వెలిగిందని పలువురు చెప్పడంలో వింత లేదు. ఎత్తూ, ఎక్కుడూ, నిండు బరువూ అక్కడ ఒక్కసారే కలుస్తాయి.

ఈ తేడా మనకు ఒక ఉచిత పరీక్షనూ ఇస్తుంది. ఓబీడీ ఎడాప్టర్ (ఇంజన్ కంప్యూటర్ అంకెలను ఫోనులో చూపే పరికరం) తగిలించి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ పీడనం చూడండి. బెంగళూరులో 90, 91 దరిదాపుల్లో చూపాలి. 101 చూపినా, 70 చూపినా సెన్సర్‌ను గాని దాని వైరింగ్‌ను గాని ముందు చూడాలి. టర్బోను నిందించడానికి అప్పటికి ఆధారమేదీ లేదు.

ఇంజన్ కంప్యూటర్‌లో పీ0299 అనే లోపపు కోడ్ వచ్చింది. దాని అర్థం టర్బో పోయిందనేనా?

కోరినంత బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి పీడనం) రావడం లేదని మాత్రమే దాని అర్థం, ఎందుకు రావడం లేదో అది చెప్పదు. పీ0234 అయితే కోరినదానికన్నా బూస్ట్ ఎక్కువైందని. కోడ్‌ను చెరిపి మళ్లీ చూద్దామనేవారికి ఒక మాట: చెరిపే ముందు ఆ క్షణంలో నమోదైన ఇంజన్ వేగం, పీడనం, ఎయిర్‌ఫ్లో అంకెలను రాసుకోండి. అవి చెరిగిపోతే దర్యాప్తు మొదటికి వస్తుంది.

నిలబెట్టిన బండిని రేస్ చేస్తే డీజిల్ ఇంజన్‌లో బూస్ట్ పెద్దగా లేవదు కనుక అలా చూసిన అంకెలకు విలువ లేదు. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 1,500 చుట్ల నుంచి 3,500 దాకా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, పక్క సీటులోని మనిషి కోరిన పీడనాన్నీ వచ్చిన పీడనాన్నీ పోల్చి చూడాలి. నడిపేవారు ఫోను చూడకూడదు.

గాలి ఎక్కడ కారుతోందో ఇంట్లోనే కనిపెట్టగలమా?

ముందు కంటితో చూడండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా, అక్కడి నుంచి ఇన్‌టేక్ దాకా ఉన్న హోస్‌లను ఒక్కొక్కటిగా వంచి, కిందివైపు వేలితో తడమాలి. చీలిక తరచుగా కంటికి కనిపించని ఆ కిందివైపే ఉంటుంది. క్లిప్ చుట్టూ నల్లని నూనె తడి ఉంటే గాలి అక్కడ కారుతున్నట్టే. చేతికి మెత్తగా, జిగటగా తగిలే హోస్ నూనె పీల్చి ఉబ్బినది. ఆగి ఉన్నప్పుడు బాగానే కనిపించి, పీడనం ఎక్కగానే బుడగలా ఉబ్బి తెరుచుకునే హోస్‌లను మేము చూశాము.

కంటికి దొరకకపోతే టర్బోలోకి గాలి వెళ్లే హోస్ నోటికి, వాల్వు అమర్చిన మూత బిగించి, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో అర బార్ మించకుండా నెమ్మదిగా గాలి ఎక్కించి, కీళ్ల మీద సబ్బునీళ్లు చల్లాలి. అంతకు మించితే మూత తుపాకీ గుండులా ఎగిరే ప్రమాదం ఉంది, ఎదురుగా నిలబడవద్దు. ఇంటర్‌కూలర్ ముందుభాగంలో రాళ్ల దెబ్బలకు పడిన సన్నని బెజ్జాలు కూడా ఈ పరీక్షలోనే బుడగలతో పట్టుబడతాయి.

ఎగ్జాస్ట్ వైపు లీకు కోసం చల్లని ఇంజన్ మీద సైలెన్సర్ గొట్టంలోకి వాక్యూమ్ క్లీనర్ ఊదే వైపు తగిలించి గాలి పంపి, మానిఫోల్డ్ చుట్టూ అదే సబ్బునీళ్లు చల్లవచ్చు. వేడి మానిఫోల్డ్ మీద మాత్రం నీళ్లు చల్లరాదు. పోత ఇనుము పగలడానికి ఆ ఒక్క చిలకరింపు చాలు.

వేరియబుల్ టర్బో, మామూలు టర్బో అంటారు. నా బండిలో ఏది ఉందో తెలిస్తే పరీక్ష మారుతుందా?

పూర్తిగా మారుతుంది. ఒకే ఇంజన్ కుటుంబంలోనూ రెండు రకాలు ఉండవచ్చు. ఫియట్ మూలం ఉన్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌నే తీసుకోండి: మారుతి స్విఫ్ట్‌లో వచ్చిన 75 హార్స్‌పవర్ రూపంలో వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బైన్ పక్కనుంచి వదిలే తలుపు) ఉన్న మామూలు టర్బో, ఎర్టిగాలో వచ్చిన 90 హార్స్‌పవర్ రూపంలో కదిలే రెక్కల టర్బో, అంటే వేరియబుల్ టర్బో, ఉన్నాయి.

వేస్ట్‌గేట్ రకంలో యాక్చువేటర్‌కు (ఆ తలుపును కదిపే భాగానికి) వెళ్లే సన్నని గొట్టం ఊడిపోతే తలుపు మూసుకునే ఉండి బూస్ట్ హద్దు మీరుతుంది. కదిలే రెక్కల రకంలో, వాక్యూమ్‌తో పనిచేసే చాలా బండ్లలో, వాక్యూమ్ అందకపోతే రెక్కలు తెరుచుకునే ఉండి బూస్ట్ లేవదు. కాబట్టి రెండో రకంలో పదిరూపాయల రబ్బరు గొట్టం టర్బో పోయినంత పని చేస్తుంది.

చేతి వాక్యూమ్ పంపును యాక్చువేటర్‌కు తగిలించి లాగితే కడ్డీ ఆటంకం లేకుండా చివరిదాకా కదలాలి, పంపు ఆపాక ఆ వాక్యూమ్ నిలవాలి. నిలవకపోతే యాక్చువేటర్‌లోని రబ్బరు పొర (డయాఫ్రం) చినిగింది. వాక్యూమ్ నిలిచినా కడ్డీ మధ్యలో తట్టుకుంటే రెక్కల వలయం మసికి బిగుసుకుంది. ఇంజన్ నడుపుతుండగా వాక్యూమ్ పంపు బలాన్ని కొలిచేటప్పుడు కూడా ఊరి ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి. చెన్నైలో 0.9 బార్ చూపే మంచి పంపు ఇక్కడ సుమారు 0.8 బార్ చూపితే అది లోపం కాదు, చుట్టూ ఉన్న గాలే తక్కువ.

బిగుసుకున్న రెక్కలను విప్పి శుభ్రం చేయించుకోవచ్చు. అయితే రెక్కల కదలికను ఆపే హద్దు స్క్రూను ఎవరినీ తిప్పనివ్వవద్దు. ఫ్యాక్టరీలో గాలి ప్రవాహాన్ని కొలిచి దానిని అమర్చుతారు. దానిని అర చుట్టు తిప్పినా తిరిగి సరిచేయాలంటే గాలి ప్రవాహాన్ని కొలిచే ఫ్లో బెంచి కావాలి.

హోస్ విప్పితే లోపల ఆయిల్ ఉంది. టర్బో సీలు పోయిందని ఖాయం చేసుకోవచ్చా?

పలుచని నూనె పొర ఉంటే కంగారు వద్దు. ఇంజన్ లోపలి ఆవిరిని బ్రీదర్ గొట్టం టర్బో ముందుకే తెచ్చి వదులుతుంది కనుక పాత బండ్లన్నిటిలో ఆ పొర ఉంటుంది. ఇంటర్‌కూలర్ వంచితే అరగ్లాసు నూనె కారితే మాత్రం ఆలోచించాలి.

టర్బోలో ఉండేవి రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగు వంటి సన్నని లోహపు వలయాలు. రెండు వైపుల పీడనం సరిగ్గా ఉండి, నూనె తన బరువుకు తానే కిందికి దిగిపోతున్నంతవరకే అవి నూనెను ఆపగలవు. దిగే గొట్టం మూసుకున్నా, సంప్‌లో (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టిలో) ఆయిల్ గరిష్ఠ గీత దాటి పోసినా, పిస్టన్ రింగులు అరిగి సంప్‌లో పీడనం పెరిగినా, మంచి టర్బో కూడా నూనె కక్కుతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూతను వదులుచేసి, దాని మీదే తిరగేసి ఉంచండి. అది ఎగిరెగిరి పడుతుంటే ముందు బ్రీదర్‌నూ, రింగులనూ చూడాలి. ఈ చిన్న పరీక్షను చేయకుండానే టర్బో మార్చిన బండ్లు ఎన్నో.

ఇరుసు చేతికి ఊగుతోంది. ఎంత ఊగితే ప్రమాదం?

పక్కలకు కొద్దిగా ఊగడం సహజం, ఎందుకంటే నడిచేటప్పుడు బేరింగులో నూనె నిండే చోటు ఆగి ఉన్నప్పుడు ఖాళీగా ఉంటుంది. ఒక పక్కకు నొక్కి తిప్పినప్పుడు రెక్క కవచానికి తగిలితే మాత్రం అది పోయినట్టే. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు కదలిక చేతికి దాదాపు తెలియకూడదు. డయల్ గేజ్‌తో కొలిస్తే 0.1 మిల్లీమీటరు చేరువకు వచ్చిందంటే అనుమానించి, ఆ టర్బోకు తయారీదారు ఇచ్చిన హద్దుతో పోల్చాలి. రెక్కల అంచులు ఇసుకతో రుద్దినట్టు మొద్దుబారి ఉంటే ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో సందు ఉందని అర్థం.

మానిఫోల్డ్ ఎందుకు పగులుతుంది? దానిని హెడ్‌కు పట్టి ఉంచే స్టడ్లు (మరల కడ్డీలు) ఎప్పుడూ చివరివే ఎందుకు విరుగుతాయి?

నలభై సెంటీమీటర్ల పోత ఇనుప మానిఫోల్డ్ 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2.5 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. దానిని పట్టి ఉంచిన సిలిండర్ హెడ్ కూలెంట్ వల్ల అంత వేడెక్కదు, అది అల్యూమినియంది అయితే వ్యాకోచించే తీరే వేరు. నడుమ స్టడ్లు ఈ లాగులాటను పెద్దగా ఎరగవు, భారమంతా రెండు కొసల స్టడ్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి పొద్దున వేడెక్కి రాత్రి చల్లారే క్రమంలో మొదట అవి తెగుతాయి, పట్టు వదిలిన కొస లేస్తుంది, ప్యాకింగ్ ఊదుతుంది, వేడి పొగ ఒకేచోట కోస్తూ హెడ్ ముఖాన్ని గాడి పెడుతుంది. టర్బో బరువును మోసే కింది ఆసరా పట్టీని ఎప్పుడో విప్పి మళ్లీ బిగించకపోతే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఆ పట్టీని "ఇది లేకపోయినా పరవాలేదు" అని పక్కన పడేసే అలవాటు చాలా గ్యారేజీలలో ఉంది. పరవా ఉంది.

పగులును వెల్డింగ్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, చేసే చేయి తెలిసినదైతే. పోత ఇనుములో కర్బనం ఎక్కువ కనుక మామూలు రాడ్‌తో అంటిస్తే అతుకు పక్కనే గాజులా పెళుసెక్కి, చల్లారుతుండగానే "టింగ్" మని మళ్లీ పగులుతుంది. పగులు రెండు కొసలా 3 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, పగులు వెంబడి గాడి తీసి, మసీ నూనే లేకుండా శుభ్రపరచి, మొత్తం పోతను వేడిచేసి, నికెల్ రాడ్‌తో అంగుళం చొప్పున అతుకుతూ, ప్రతి అతుకునూ వేడి మీదే సుత్తితో తేలికగా తట్టి, చివరికి పొడి ఇసుకలో గాని బూడిదలో గాని పూడ్చి రాత్రంతా చల్లారనివ్వాలి. "ఒక గంట ఆగండి, తీసుకుపోదురు గాని" అనే షాపులో ఈ పని పెట్టవద్దు.

టర్బో కూర్చునే ఫ్లాంజి మీదుగా పగులు పోయినా, రెండు మూడు చోట్ల పగిలినా అతుకు మాట వదిలి వేరే మానిఫోల్డ్ వెతకాలి. వెల్డింగ్ తరువాత ముఖం వంగడం ఖాయం కనుక, పీణ్య వైపు ఉన్న మెషిన్ షాపులలో ఫేసింగ్ చేయించాలి. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే వంపు మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు లోపల ఉండాలి. ఆ అంకె దొరకనప్పుడు 0.1 మిల్లీమీటరును హద్దుగా పెట్టుకుంటే తప్పులో పడము.

స్టడ్ హెడ్ లోపలే విరిగిపోయింది. హెడ్ దించక తప్పదా?

ఎప్పుడూ తప్పదని కాదు. కొంచెమైనా బయటికి ఉంటే దాని మీద నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డ్ చేసి, ఎర్రబడిన వేడి తగ్గుతుండగా అటూ ఇటూ కదుపుతూ విప్పడం అన్నిటికన్నా మంచి పద్ధతి. వెల్డింగ్ వేడే తుప్పు పట్టును విడిపిస్తుంది. అంతకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. లోపలికే తెగిపోతే సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్‌తో దించాలి. ఈజీ-అవుట్ (విరిగిన ముక్కను పట్టి విప్పే పనిముట్టు) లోపల విరిగితే దాని ఉక్కును మామూలు డ్రిల్ కొరకలేదు కనుక, అనుమానం ఉన్నచోట దానిని వాడకపోవడమే నయం. మరలు పాడైతే హెలికాయిల్ (కొత్త మరలనిచ్చే తీగ చుట్ట) వేయవచ్చు.

ఒక స్టడ్ విరిగితే ఆ వరుసలోవన్నీ మార్చండి. నట్లు పూర్తి లోహపు లాక్ రకం కావాలి. నైలాన్ వలయం ఉన్నవి ఆ వేడికి కరుగుతాయి. బిగించేటప్పుడు నడుమ నుంచి కొసలకు, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్లకు ఈ బిగింపు (టార్క్) తరచుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్ అంకెదే తుదిమాట.

ప్యాకింగ్‌కు తోడుగా సిలికాన్ పేస్ట్ రాస్తామంటున్నారు.

ఒప్పుకోవద్దు. ఆ వేడికి అది మాడి పెచ్చులుగా లేచి టర్బైన్ మీదికే పోతుంది. నూనె దిగే గొట్టం ఫ్లాంజికి రాసిన పేస్ట్ ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే లోపలికి పిండుకున్న ముద్ద ఆ దారినే మూస్తుంది.

కొత్త టర్బోనా, కార్ట్రిడ్జ్ మార్పా, శివాజీనగర్‌లో పాతదా?

కవచాలు రెండూ బాగుండి, పగుళ్లూ రాపిడి గాట్లూ లేకపోతే, ఇరుసు, చక్రాలు, బేరింగులు ఉండే మధ్యభాగమైన కార్ట్రిడ్జ్ మార్చడం న్యాయమైన మార్గం. కార్ట్రిడ్జ్‌ను అధిక వేగంలో బ్యాలెన్స్ చేసినట్టు ఆ యంత్రం ఇచ్చే గ్రాఫు కాగితం అడిగి తీసుకోవాలి. చక్రాలను విడిగా కొని బెంచి మీద బిగించి "బ్యాలెన్స్ అయినట్టే" అనేవారి మాట నమ్మితే నెలలోనే సైరన్ వినిపిస్తుంది.

జేసీ రోడ్డులో విడిభాగాలు కొనేటప్పుడు బండి మోడల్ పేరు చెప్పడం చాలదు. టర్బో మీది రేకుపై చెక్కిన నంబరు ఫోటో తీసి చూపించాలి. ఒకే మోడల్‌లో ఏడాది తేడాకే నంబరు మారిన సందర్భాలు ఉన్నాయి. శివాజీనగర్ పాత సామాను దుకాణాలలో మానిఫోల్డ్ కొనడం తెలివైన పనే, పోత ఇనుమును కంటితో, స్ట్రెయిట్ ఎడ్జ్‌తో పరీక్షించవచ్చు కనుక. అక్కడే పాత టర్బో కొనడం మాత్రం మా దృష్టిలో జూదం, దాని బేరింగు ఎన్నాళ్లు మురికి నూనె తాగిందో చూసి చెప్పలేము.

కొత్త టర్బో వేయించిన నెలకే మళ్లీ పోయింది. సరుకు నకిలీదా?

కావచ్చు, కాని ముందు నూనె గొట్టాన్ని అనుమానించండి. మా పాత బండికే ఇది జరిగింది. పేరు చెప్పనక్కరలేని ఒక గ్యారేజీలో కొత్త కార్ట్రిడ్జ్ వేసి, పాత ఆయిల్ ఫీడ్ పైపునే మళ్లీ బిగించారు. మూడు వారాలకు నీలిపొగతో తిరిగి వచ్చాము. పైపును నిలువునా కోయించి చూస్తే లోపల బొగ్గులా గట్టిపడిన నూనె, నడుమ అగ్గిపుల్ల దూరేంత దారి మిగిలి ఉంది. అందుకే టర్బోతో పాటు ఫీడ్ పైపు, దాని బోల్టు, ఆ బోల్టులో సన్నని జల్లెడ ఉంటే అది, రాగి వాషర్లు, ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ అన్నీ కొత్తవి వేయాలి. పాత టర్బో రెక్క ముక్క ఒక్కటైనా విరిగి ఉంటే ఇంటర్‌కూలర్‌ను విప్పి కడిగించాలి.

బిగించిన వెంటనే తాళం తిప్పకూడదు. నూనె రంధ్రంలో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో తిప్పి, ఇంజన్ అంటుకోకుండా ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసి, పది సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు స్టార్టర్‌తో తిప్పితే నూనె పైకి చేరుతుంది. తరువాత కొన్ని నిమిషాలు రేస్ చేయకుండా ఐడిల్‌లో ఉంచాలి.

తాళం తీసినా ఇంజన్ ఆగకుండా తనంతట తానే రేస్ అవుతోంది. ఏం చేయాలి?

టర్బో నుంచి వస్తున్న నూనెనే ఇంజన్ ఇంధనంగా తాగుతోంది. గేర్ల బండి అయితే బ్రేకును గట్టిగా తొక్కి, పైగేరు వేసి, క్లచ్‌ను ఒక్కసారిగా వదిలి ఇంజన్‌ను బలవంతంగా ఆపాలి. ఆటోమేటిక్ అయితే గాలి నోటిని చెక్కతోనో, మందమైన పుస్తకంతోనో మూయాలి, చేత్తో మాత్రం వద్దు. ఇంజన్ బాగా వేగం అందుకున్న తరువాత అయితే బానెట్ దగ్గరికి పోకుండా మనుషుల్ని దూరంగా పంపండి. ఆగిన తరువాత మళ్లీ స్టార్ట్ చేసి చూడకుండా టో చేయించాలి.

మానిఫోల్డ్ లీకుతో కొన్నాళ్లు నడపవచ్చా?

గ్యారేజీ దాకా నడపండి, ఊరికి మాత్రం పోవద్దు. సిల్క్ బోర్డ్ దగ్గర గంటసేపు కదలని బండిలో, బానెట్ కింద నుంచి వచ్చే పొగను ఏసీ బ్లోయర్ లోపలికి లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మగత కలిగితే అద్దాలు దించి బయటికి రండి. దీనికి తోడు ఆ వేడి పొగ పక్కనున్న వైరింగ్‌నూ, హోస్‌లనూ మాడుస్తుంది.

ఆపే ముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచాలా?

ట్రాఫిక్‌లో పాకుతూ వచ్చి ఇంటి ముందు ఆపితే అక్కరలేదు, టర్బో అప్పటికే చల్లబడి ఉంటుంది. నంది కొండ ఎక్కి వెంటనే ఆపినా, జాతీయ రహదారి మీద వేగంగా వచ్చి దాబా ముందు ఆపినా, ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. లేకపోతే వేడి ఇరుసు దగ్గర నిలిచిన నూనె మాడి, పైన చెప్పిన బొగ్గుగా మారుతుంది.

నగరంలో తిరిగే బండికి ఆయిల్ మార్పును కిలోమీటర్లతోనే లెక్కవేయడం సరికాదు. గంటకు సగటున 20 కిలోమీటర్లు పోయే బండికి 10,000 కిలోమీటర్లంటే 500 గంటల నడక, 60 పోయే బండికి సుమారు 167 గంటలే. బెంగళూరు బండికి మేము 7,000 దగ్గరే మార్చేస్తాము.

ఈ లోపాల వల్ల పొల్యూషన్ సర్టిఫికెట్ రాకపోవచ్చా?

రాకపోవచ్చు. డీజిల్ బండ్లకు పొగ సాంద్రత హద్దు బీఎస్-4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణం) కు ముందువాటికి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 బండ్లకు 50. బూస్ట్ లీకు ఉంటే గాలి చాలక నల్లపొగ ఆ హద్దులను సులువుగా దాటుతుంది. సొంత కారుకు పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లేవారు ఫిట్‌నెస్ పరీక్ష తేదీకి కనీసం రెండు వారాల ముందే హోస్‌లు, ఎయిర్ ఫిల్టర్, మానిఫోల్డ్ చూపించుకుంటే, స్టడ్ విరిగినా సరిచేయడానికి వ్యవధి ఉంటుంది.